ఆటు వేళ

సింకులో పీతలు కడుగుతుంటే బురద వాసన వంటిల్లంతా నిండింది. కాన్‌బెర్రా శివారు హారిసన్‌లోని మా ఇంటికి సముద్రం రెండు గంటల దూరం. అయినా ఆ వాసనకు సులోచన గారు వచ్చి పక్కన నిలబడినట్టయింది.

ఆస్ట్రేలియా విదేశాలకిచ్చే సహాయంతో పనులు చేయించే ఒక చిన్న సంస్థలో ఒకప్పుడు ఆమె నా పై అధికారి. కోరంగి మడ అడవుల పక్కన పుట్టిన మనిషి. మొదటి రోజు "మేడమ్" అన్నాను. "ఈ కాన్‌బెర్రాలో మంత్రినైనా పేరు పెట్టే పిలుస్తారయ్యా. నాకెందుకు మేడమ్?" అని నవ్వారు.

పసిఫిక్‌లోని ఒక దీవిలో పడవల రేవు కట్టాలి. ఊరివాళ్ల అభిప్రాయం తెమ్మని నన్ను పంపుతూ, ఆటుపోట్ల పట్టిక చేతిలో పెట్టారు. "ఆటు వేళ మీటింగ్ పెట్టకు. నీళ్లు వెనక్కి పోయినప్పుడే ఆడవాళ్లు మడలో పీతలు పడతారు. అదే వాళ్ల బతుకు." పట్టికను బ్యాగులో పడేశాను. ఊరి పెద్దలు తమకు వీలైన వేళ చెప్పారు, సరేనన్నాను. వచ్చినవాళ్లంతా మగవాళ్లే. "మహిళలను ఆహ్వానించాం, అభ్యంతరాలు రాలేదు" అని రాశాను. పర్యావరణానికి నష్టం లేదన్న గడిలోనూ టిక్కు పెట్టాను.

రిపోర్టు చదివి ఆమె ఒక్కటే అడిగారు. "మీటింగప్పుడు సముద్రం ఎక్కడుంది?"

"చూళ్లేదండీ."

"చూళ్లేదా, చూసి ఊరుకున్నావా?"

చూశాను. మోకాళ్ల లోతు బురదలో వంగి ఉన్న ఆడవాళ్లు కిటికీలోంచి కనబడుతూనే ఉన్నారు. ఆ మాట ఆమెకు చెప్పలేదు. మళ్లీ వెళ్లిరమ్మన్నారు, అంతవరకూ సంతకం పెట్టనన్నారు. నేను డైరెక్టర్ దగ్గరికి వెళ్లి, ఆవిడ ప్రతిదానికీ అడ్డుపడుతున్నారని చెప్పాను. "నో వరీస్ మేట్, నువ్వే సైన్ చేసెయ్" అన్నాడు. చేశాను. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఆమె కుర్చీ నాకిచ్చారు.

రేవు ప్రారంభానికి వెళ్తే, మడ ఉన్నచోట కాంక్రీటు ఉంది. ఒకావిడ వచ్చి ఖాళీ బుట్ట నా చేతికిచ్చింది. కానుక అనుకొని ఫోటోకు నవ్వాను. "నాకిక దీంతో పనిలేదు, నువ్వు పట్టుకుపో" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

సిడ్నీ శివారు క్వేకర్స్ హిల్‌లో కూతురి దగ్గర ఉంటున్న సులోచన గారు పోయారని నిరుడు వాట్సాప్‌లో చూశాను. మూడు గంటల ప్రయాణం. క్షమించమని అడగడానికి ఆమె ఉండగా ఒక్కసారి కూడా వెళ్లలేదు.

ఇప్పుడు ఎవరిని పంపినా, "సముద్రం ఎక్కడుంటుందో ముందు చూసుకోండి" అంటాను. మొన్నొక శిక్షణ తరగతిలో ఎవరో ఆ మాటను నా పేరుతో తెరమీద వేశారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పేరు నేను దిద్దలేదు.