ముర్రుపాల గిన్నె

ఈ ఉదయం మా ఆవు ఈనింది. దూడ ఒళ్లు ఇంకా ఆరకముందే అత్తమ్మ దాని మూతిని పొదుగుకు ఆనించి, "ముర్రు తాగనియ్యండి, లేకుంటే నిలబడదు" అన్నారు. నా ఒళ్లో పాప పాలు తాగుతోంది. నాకు మా అవ్వ గుర్తొచ్చింది.

అవ్వ మా నాయన తల్లి. బేస్తవారిపేట దగ్గర మా ఇంట్లో పురుళ్లకూ, ఆవుల ఈతలకూ ఆమెదే పెత్తనం. మొదటి పాలు దూడ కడుపునిండా తాగాకే మాకు జున్ను. పిల్లలం ముందుగానే గిన్నెలు పట్టుకుని దడి దగ్గర చేరితే, "దూడ సొమ్ముకు ఆశపడతారేందే, సిగ్గులేనోళ్లారా!" అని తరిమేది. అదే అవ్వ, మా అక్క కాన్పుకు వచ్చినప్పుడు, పచ్చగా చిక్కగా వచ్చిన ఆమె మొదటి పాలను కంచుగిన్నెలోకి పిండించి పెరట్లో పారబోయించింది. "చీము మాదిరి ఉండాయి, బిడ్డకు అరగవు" అంది. బిడ్డ నోటికి ఆముదం, బెల్లపు నీళ్లలో ముంచిన గుడ్డ ఒత్తి. అక్కకేమో పథ్యం: పిడికెడు అన్నం, వెల్లుల్లి కారం, నాలుక తడవడానికి గుక్కెడు నీళ్లు. ఇక పాలెక్కడ పడతాయి? తరువాత ఆవుపాలు పట్టారు, అవీ అరగవేమోనని సగానికి పైగా నీళ్లు కలిపి. బిడ్డ రాత్రీ పగలూ ఏడ్చేవాడు. కొన్నాళ్లకు ఏడవడం మానేశాడు. బుద్ధిమంతుడయ్యాడని అందరం సంతోషించాం. తొడల మీద చర్మం ముడతలు పడుతుంటే అవ్వ దిష్టి తీసింది, మొక్కులు మొక్కింది, తానూ అన్నం మానేసింది. ఆ ఇంట్లో ప్రేమకు లోటు లేదు. ఎండలు ముదరకముందే వాడు పోయాడు. ఆ ఏటి దూడ మాత్రం దొడ్డంతా గంతులేస్తుండేది. అక్క అటు పోయేది కాదు.

ఇక్కడ మార్కాపురంలో, అత్తగారింట్లో నా కాన్పునాడు అత్తమ్మ కూడా గిన్నె పట్టుకొచ్చారు. నేను చెన్నపట్నంలో కాలేజీ చదువు చదివినదాన్నే. ఆ వేళ నోరు తెరిచే ఓపిక కూడా లేదు. తోడుకు వచ్చిన అక్క లేచి, ఆ గిన్నె అంచు పట్టుకుంది.

"దూడకైతే తాపుతారు గదత్తా. ఈ బిడ్డ ఏం పాపం చేసింది?"

"ఏందమ్మా, నా మనవరాల్ని దూడతో సమానం చేస్తివే!"

"దూడకున్న పాటి భాగ్యమన్నా ఉండనీ."

అత్తమ్మ గిన్నె వదిలేశారు. అక్క పాపను నా రొమ్ముకు చేర్చి, గోడ వైపు తిరిగి నిలబడింది.

పాప బుగ్గలు ఇప్పుడు నిండుగానే ఉన్నాయి. అయినా ఇది రాస్తూ మధ్యమధ్య లేచి తడిమి చూసుకుంటున్నాను. మొదటి పాలు బిడ్డవేనన్నది దొడ్లో అందరం ప్రతి ఈతకూ చూసిన సంగతే. అది మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చేసరికి, బతికుంటే అక్క కొడుకు బడిలో చేరవలసిన వయసు కూడా దాటిపోయింది.