పది దాకా లెక్కపెట్టలేని లెక్కల టీచరు

ఆ రోజుల్లో నేను నాయనమ్మ ఉద్యోగంలో కొత్తగా చేరాను. కొత్తగా చేరినవాళ్లకి ఉండే జబ్బులన్నీ నాకూ ఉండేవి. అన్నీ తెలుసనుకోవడం, ఎవర్నీ అడగకపోవడం, ఎవరైనా అడిగితే గట్టిగా జవాబు చెప్పి నోరు మూయించడం. అంతకు ముందు నిడదవోలులో ఒక హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ల రెండు నెలలు లెక్కలు చెప్పాను. రిటైరైన పదకొండో రోజున కోడలు ప్రసూతి సెలవు ముగించుకుని వార్డు సచివాలయంలో తన కుర్చీలోకి వెళ్లింది, మనవరాలు పండు నా ఒళ్లోకి వచ్చింది. ఆ సాయంత్రమే ఒక టైంటేబుల్ గీసి వంటింటి తలుపు వెనక అంటించాను. ఏడూ పదికి పాలు, ఎనిమిదీ నలభైకి స్నానం, పదింపావుకి అరటిపండు గుజ్జు, అలా రాత్రి జోలపాట వరకు. ఆకలేస్తోందని పిల్లకి తెలిసేలోపే ముద్ద నోట్లో ఉండేది. దాహమనే ఊహ రాకముందే గ్లాసు ఎదురుగా ఉండేది. పిల్ల ఏడుపు వినపడని ఇల్లని మా వీధిలో మాకు పేరు. (ఆ పేరు నేనే ప్రచారం చేశానని మావారు అంటారు. కొంత నిజం.)

పండుకి ఏడాదీ ఎనిమిది నెలలప్పుడు, ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తూ కోడలు మెల్లగా అంది, “అత్తయ్య గారూ, పండు ఇంకా అమ్మ అని కూడా అనట్లేదండి. ఒకసారి డాక్టర్ గారికి చూపిద్దామాండి?”

“మీ ఆయన మూడేళ్లు నిండేదాకా నోరు విప్పలేదమ్మాయ్. నాన్న పోలిక వచ్చింది. కంగారు పడకు” అన్నాను. తేదీల విషయంలో మా ఇంట్లో నా మాటకి తిరుగులేదు. మావారు మా పెళ్లిరోజు కూడా నన్నే అడిగి తెలుసుకుంటారు. కాబట్టి ఆ సంగతి అక్కడితో ఆగిపోయింది.

రెండు నెలలాగి ఆ అమ్మాయి మళ్లీ కదిపింది. “వెనక నుంచి పిలిస్తే తిరిగి చూడట్లేదండి. ఇందాక గూడ్సు బండి కూత వేసినా తల ఎత్తలేదండి.” మా ఇల్లు స్టేషనుకి ఐదు నిమిషాల దూరం. రైలు శబ్దానికి చుట్టాలింటి పిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు, మా ఊరి పిల్లలు నిద్రలో పక్కకి కూడా తిరగరు. అది మాకో గొప్ప. “జంక్షన్‌లో పుట్టిన పిల్ల రైలు కూతకి తల ఎత్తితే మన పరువేం కావాలి?” అన్నాను. కోడలు నవ్వలేదు. ఆ నవ్వకపోవడం నేను గమనించాను, కానీ లెక్కలోకి తీసుకోలేదు.

అలాగని ఊరికే కూర్చోలేదు. చర్చిలో ఒక పెద్దావిడ సలహా మీద వసకొమ్ము అరగదీసి నాలుగు రోజులు పొద్దున్నే పండు నాలుకకి రాశాను. పండు మొహం చిట్లించింది తప్ప మాట రాలేదు. “వస పిల్లకి పట్టలేదు గానీ అరగదీసినావిడకి బాగా పట్టినట్టుంది, నిన్నటి నుంచి ఆపట్లేదు” అన్నారు మావారు పేపరు వెనక నుంచి. (తర్వాత డాక్టర్ గారికి ఈ సంగతి చెబితే ఆయన నావైపు చూసిన చూపుతో మిగిలిన కొమ్ము పారేశాను.)

మూడోసారి కోడలు వేరే దారిలో వచ్చింది. “ఆయనకి మాటలొచ్చిన తేదీ మీరు రాసే ఉంటారు కదండి. ఒకసారి చూపిస్తారాండి? నా మనసు కుదుటపడుతుంది.” అంత మర్యాదగా అడిగితే ఏ లెక్కల టీచరు కాదంటుంది? నిచ్చెన వేయించుకుని అటకెక్కాను. మా అబ్బాయి చిన్నప్పటి నోటుబుక్కు దొరికింది, నా దస్తూరీ, ఎర్ర సిరా. “పదకొండు నెలల ఆరు రోజులు: ‘తాత’ అన్నాడు. ఏడాదిన్నర: ముప్పై ఒక్క మాటలు, జాబితా వెనక పేజీలో.” మరి ఆ మూడేళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయా అని పేజీలు తిప్పితే అదీ దొరికింది. “ఈ రోజుకి మూడేళ్లు నిండాయి. మొదటిసారిగా పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చున్నాడు. దేవునికి స్తోత్రం.” నోరు మూసిన రోజుని నోరు విప్పిన రోజుగా ఇన్నాళ్లూ గుర్తు పెట్టుకున్నాను.

“దొరికిందా?” అన్నారు కింద నుంచి మావారు. “చూస్తున్నాను” అన్నాను. నిజానికి చూడటం అయిపోయింది. ఆ పుస్తకాన్ని పాత దుప్పట్ల కింద తోసేసి దొరకలేదని చెబితే అడిగేవాళ్లు లేరు. నా మాట నిలబడుతుంది, పిల్ల మాత్రం ఇంకో ఏడాది అలాగే కూర్చుంటుంది. అటక మీద ఇరవై నిమిషాలున్నాను. దిగి, పేజీ తెరిచి, కోడలి చేతిలో పెట్టాను. ఆ అమ్మాయి చదివింది, మూసింది. ఒక్క ముక్క దెప్పలేదు. “రేపు సెలవు పెట్టనాండి?” అంది.

“పెట్టమ్మా. నువ్వు మొదటిసారి అడిగి ఐదు నెలల ఇరవై రెండు రోజులైంది” అన్నాను. ఆ లెక్క మాత్రం తప్పలేదు.

రాజమండ్రిలో చెవి డాక్టర్ గారు పరీక్షలు చేసి, రెండు చెవుల్లోనూ పొర వెనక నీరు చేరిందన్నారు. పండుకి మన మాటలు నీళ్లలో మునిగి విన్నట్టు వినిపిస్తాయట. మందులిచ్చారు, తగ్గకపోతే చిన్న ఆపరేషన్ అన్నారు. పక్క గదిలో పిల్లలకి మాటలు నేర్పే అమ్మాయి ఉంది, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు. ఆవిడ ఇంటి సంగతులు అడిగితే నేను గర్వంగా టైంటేబుల్ నకలు తీసి ఇచ్చాను. చివరి వరుస దాకా చదివింది.

“చాలా బాగుందండి, నాయనమ్మ గారూ. ఇందులో పండు అడగడానికి టైం ఎక్కడుందండి?”

నేను కాగితం తీసుకుని చూశాను. లేదు.

“చెవి సంగతి డాక్టర్ గారు చూసుకుంటారండి. మాట ఆగింది మీవల్ల కాదు. కానీ రావడానికి మీరు చోటివ్వాలి. ఎదురుగా కూర్చుని, వస్తువు చూపించి, పేరు చెప్పి, మనసులో పది లెక్కపెట్టండి. అప్పటిదాకా ఇవ్వకండి, మాట్లాడకండి.”

ముప్పై నాలుగేళ్లలో వేలమందికి ఎక్కాలు నేర్పిన దాన్ని, పది దాకా వెళ్లలేకపోయాను. మొదటి రోజు నాలుగు దగ్గర నా చెయ్యి దానంతటదే పండు నోటి దాకా వెళ్లింది. రెండో రోజు ఐదు దగ్గర “బిస్కెట్టు కావాలా తల్లీ, బిస్కెట్టే కదా, ఇదిగో” అని ప్రశ్నా జవాబూ నేనే చెప్పేశాను. “టీచరు గారు సున్నా మార్కులతో తప్పారు” అన్నారు మావారు. రెండో వారానికి ఏడు దాకా వెళ్లాను. పండు నా మొహం చూసేది, వస్తువు చూసేది, నాకేదో అయిందనుకుని నా గడ్డం పట్టుకుని ఊపేది. నాలుగో వారానికి మందులు పనిచేసి చెవుల్లో నీరు తగ్గింది, ఆపరేషన్ అవసరం లేదన్నారు. చిన్న చిన్న శబ్దాలు మొదలయ్యాయి.

ఒక గురువారం ఉదయం తొమ్మిదీ ఇరవైకి ఉప్మా స్పూను ఎత్తి లెక్క మొదలుపెట్టాను. ఎనిమిది దగ్గర పండు నా చెయ్యి తోసేసి, స్పష్టంగా “వద్దు” అంది. నేను మళ్లీ చూపించాను. మళ్లీ “వద్దు” అంది. ఆ సంతోషంలో గిన్నెడు ఉప్మా నేనే తినేశాను.

సాయంత్రం గేటు చప్పుడైంది. పండు తల గిర్రున తిప్పింది, వాకిట్లో చెప్పులు విప్పుతున్న తల్లిని చూసి “అమ్మ” అంది. కోడలు అక్కడే మెట్టు మీద కూలబడి, పిల్లని ఒళ్లో పెట్టుకుని, పెద్దాపురంలో ఉన్న వాళ్లమ్మకి ఫోన్ చేసింది. “అమ్మా, పండు మాట్లాడిందే. మొట్టమొదటి మాట నన్నే పిలిచింది” అని, ఫోన్ పక్కకి జరిపి నావైపు తిరిగింది. “కదండి, అత్తయ్య గారూ?”

నేను బెండకాయలు తరుగుతున్నాను. ఉదయం జరిగింది నిమిషాలతో సహా నాలుక చివర ఉంది.

“అవునమ్మాయ్. నిన్నే పిలిచింది” అన్నాను.

పండుకి ఇప్పుడు ఐదేళ్లు. ఆ సాయంత్రం నా నోటితో అవునన్నావిడ ఎవరో అప్పట్లో నాకూ కొత్తే. ఆవిడ ఇంకాస్త ముందుగా మా ఇంటికి వచ్చి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇది చదివితే కోడలికి నిజం తెలిసిపోతుంది. తెలిసినా ఏమీ అనదు. ఆగడం ఆ అమ్మాయికి నాకంటే ముందే వచ్చు.