మౌలాలీ మేస్త్రి బిగించిన టర్బో

పల్నాటి యుద్ధం మా తాత పుట్టకముందే జరిగిపోవడం ఆ రెండు పక్షాల అదృష్టం. ఆ రోజు ఆయన గనక కారంపూడిలో ఉండి ఉంటే అసలు యుద్ధమే జరిగేది కాదు. ఇటోసారి, అటోసారి తిరిగి ఆయన పెట్టే తిట్లకు రెండు సైన్యాలూ కత్తులు అక్కడే పారేసి, ఎవరిళ్లకు వాళ్లు పోయి తలుపులేసుకునేవి. కోపంలో మా మౌలాలీ తాతను మించిన మనిషి కృష్ణకు ఇవతలగానీ అవతలగానీ లేడని నేను ఎక్కడైనా పందెం కాస్తాను.

పిడుగురాళ్లలో హైవే పక్కన ఆయన మెకానిక్ షెడ్డు ఉండేది. సున్నపు బట్టీల దుమ్ముకి మా ఊళ్లో గోడలూ చెట్లూ మేకలూ అన్నీ తెల్లగా ఉండేవి, మా తాత మొహం ఒక్కటే ఎర్రగా ఉండేది. లారీ వచ్చి ఆగితే ముందు లారీని తిట్టేవాడు, తర్వాత డ్రైవరుని, ఆ తర్వాత రోడ్డుని. నట్టు ఊడి రాకపోతే ఆ నట్టునీ, దాన్ని బిగించినవాణ్ణీ, వాడికి పానా పట్టడం నేర్పినవాణ్ణీ వరసగా తిట్టేవాడు. రంజాన్ నెలలో మాత్రం ఉపవాసముండి తిట్టకూడదని పగలంతా పళ్లు బిగబట్టుకుని పనిచేసేవాడు. సాయంత్రం ఖర్జూరం నోట్లో పడటం ఆలస్యం, పొద్దుటినుంచి దాచిపెట్టినవన్నీ బయటికి వచ్చేవి. ఎవరిని ఏమని తిట్టాలో ఒక్కటి కూడా మర్చిపోయేవాడు కాదు.

ఏడో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న నాకు ఇంతకంటే మంచి బడి ఎక్కడ దొరుకుతుంది? పొద్దున్నే వెళ్లి షెడ్డు అరుగు మీద కూర్చునేదాన్ని.

ఎనభై ఏడులో ఒకరోజు మా షెడ్డు ముందు తెల్ల మారుతి కారు ఆగింది. దిగినవాడు బాలకోటయ్య. వాళ్ల నాన్న గంగయ్య సున్నపు బట్టీ పెట్టి బాగా సంపాదించాడు, బట్టీకి రాళ్లు తోలే లారీలోనే రోడ్డు మీద ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇంట్లో మిగిలింది తల్లి పోలేరమ్మ, ఈ ఒక్క కొడుకు. కొడుక్కి స్పీడు పిచ్చి. మద్రాసులో ఎవరో కార్ల పందేలవాళ్లని పట్టుకుని ఇంజనుకి చిన్న టర్బో కూడా పెట్టించుకున్నాడు.

టర్బో అంటే ఏంటని అడిగితే తాత తిడుతూనే చెప్పాడు. ఇంజను వదిలే వేడి పొగ ఒక చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పుతుంది, అది గాలిని ఇంజను నోట్లో కుక్కుతుంది. గాలి ఎక్కువైతే పెట్రోలు ఎక్కువ తాగుతుంది, బలం వస్తుంది. తోలి తోలి వచ్చాక మాత్రం టక్కున ఆపకూడదు. టీ తాగేంతసేపు ఇంజను ఊరికే తిరుగుతూ ఉంటే ఆ వేడి తగ్గుతుంది. లేకపోతే లోపలి ఇరుసు మాడిపోతుంది.

అది విని మా నాయనమ్మ షంషాద్, "ఆయనా అంతే గదా," అంది. నిజమే. తాత కూడా తిట్టడం ఆపాక టీ తాగేంతసేపు లోపల్లోపల గొణుగుతూనే ఉండేవాడు.

బాలకోటయ్యకు వచ్చిన కష్టం ఏమిటంటే, గురజాలలో పిల్లను చూసి వస్తుంటే, ఆ పిల్ల అన్నదమ్ములు వెనకాల జీపులో చూస్తుండగా, మాచర్ల ఎక్స్‌ప్రెస్ బస్సు అతని కారుని దాటిపోయింది. బస్సు కిటికీలోంచి ఒక ముసలావిడ చెయ్యి కూడా ఊపిందట. ఆ చెయ్యే అతనికి నిద్ర పట్టనివ్వడం లేదు. మద్రాసునుంచి ఇంకా పెద్ద టర్బో తెచ్చాడు. బరువు తగ్గాలని వెనక సీటు పీకేశాడు, స్టెప్నీ తీసేశాడు, బంపర్లు ఊడదీశాడు.

తాత కారు చుట్టూ తిరిగి చూశాడు.

"ఇంకేం తియ్యాల మామా?" అన్నాడు బాలకోటయ్య.

"నువ్వు దిగు. అప్పుడు చానా తగ్గుద్ది."

ఆ తర్వాత చాలాసేపు తిట్టాడు. మేకపిల్లకి ఎద్దు ఊపిరి పెట్టమంటావేందిరా, రోడ్డు నీ బట్టీ అనుకున్నావా అని. అన్నీ విని బాలకోటయ్య నిదానంగా, నువ్వు చెయ్యకపోతే విజయవాడలో చేయించుకుంటా అన్నాడు. తాత నోరు మూసుకున్నాడు. రంజాన్ కాని రోజున ఆయన నోరు మూసుకోవడం నేను చూసింది అదే మొదలు. కాసేపయ్యాక, "తాళాలు అక్కడ పెట్టి పో," అన్నాడు.

మర్నాడు పోలేరమ్మ వచ్చింది. షెడ్డు లోపలికి రాకుండా చీరకొంగు నోటికడ్డం పెట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

"అన్నా, వాళ్ల నాయన్ని ఆ రోడ్డే తినింది. వీణ్ణి కూడా దానికే ఇయ్యమంటావా?"

నేనైతే ఏడ్చేసేదాన్ని. మా తాత మాత్రం పానా కింద కొట్టి లేచాడు. నీ కొడుకు నీ మాట వినకపోతే నా పీక మీదకి వస్తావేంది, ఇది షెడ్డా పంచాయతీయా, వచ్చిన పని చెడగొట్టమాకు అని వీధి చివరిదాకా వినపడేలా అరిచాడు. ఆమె తలొంచుకుని వెళ్లిపోయింది. ఆ రోజు నాకు తాత మీద ఒళ్లు మండింది. కోపం ఉండొచ్చుగానీ గుండె ఉండొద్దా? ఆ పూట ఆయనకు టీలో ఉప్పు కలిపి ఇచ్చాను. తాగేశాడు. టీని తిట్టలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.

అదే వారంలో మా ఇంట్లో దొంగతనం జరిగింది. హైదరాబాదునుంచి మా చిన్నాన్న తెచ్చిన ప్రెషర్ కుక్కరు మీది విజిల్ మాయమైంది. మా వీధిలో కుక్కరు ఉన్న ఇల్లు మాదొక్కటే. అది కూత వేసినప్పుడల్లా నాయనమ్మ పక్కింటివైపు ఒకసారి చూసేది. అలాంటి విజిల్ పోతే ఇంక ఆమె మొహం ఎలా ఉంటుంది? కానీ ఆమెకంటే తాత ఎక్కువ రెచ్చిపోయాడు. ఇంట్లో సామాను చూసుకునే దిక్కు లేదని నాయనమ్మని, ఎక్కడ పారేశావే అని నన్ను, ఎత్తుకుపోయిందని పక్కింటి పిల్లిని కూడా తిట్టాడు. మేం మళ్లీ కుండలో అన్నం వండుకున్నాం.

కారు పని పూర్తయింది. పెద్ద టర్బో బిగించాడు, కార్బురేటరు సరిచేశాడు, మీటరు కూడా విప్పి దుమ్ము దులిపానన్నాడు. బాలకోటయ్య తాళాలు తీసుకుని ఎక్కబోతుంటే తాత నావైపు తిరిగాడు.

"ఏమే మున్నీ, నువ్వు కూడా ఎక్కు. మీటరు ఎంత చూపిస్తదో చూసిరా."

నాయనమ్మ లబోదిబోమంది. ముసలాడా నీకు మతి పోయిందా, వాడు తోలే తోలుడికి పిల్లని పంపుతావా అని ఆమె తిట్టింది. తాత వినిపించుకోలేదు.

గురజాల రోడ్డెక్కాక బాలకోటయ్య యాక్సిలేటరు తొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత ముందునుంచి 'బుస్స్‌స్' మని నాగుపాములన్నీ ఒకేసారి లేచినట్టు చప్పుడు. గొర్రెలు చేలల్లో పడ్డాయి. సైకిళ్లవాళ్లు దిగి నిలబడ్డారు. మీటరు ముల్లు ఎనభై, తొంభై, నూరు దాటింది. బాలకోటయ్య మొహం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది. నాకెందుకో చెట్లు అంత వేగంగా వెనక్కి పోతున్నట్టు లేదు. నూరంటే ఇంతేనేమో అనుకున్నాను.

ఇంతలో క్వారీ దారిలోంచి రాళ్ల లారీ వచ్చి రోడ్డుకి అడ్డంగా నిలబడిపోయింది. బాలకోటయ్య బ్రేకు మీద లేచి నిలబడ్డాడు. కారు కిర్రుమని జారుకుంటూ వెళ్లి లారీ చక్రానికి జానెడు దూరంలో ఆగింది. చక్రం మీది నట్లు నాకు ఒక్కొక్కటీ కనిపించాయి. బాలకోటయ్య స్టీరింగు వదల్లేదు. అలాగే పట్టుకుని నావైపు తిరిగాడు.

"నూటపదిలో ఉండి ఆపా. చూశావా మున్నీ?"

చూశాను. చూశానని చెప్పాను.

వెనక్కి తిరిగి వస్తుంటే ధైర్యం తెచ్చుకుని మళ్లీ తొక్కాడు. బుస్సుమంది, ముల్లు మళ్లీ నూరుకి ఎక్కింది. సరిగ్గా అప్పుడు వెనకనుంచి హారన్ కొట్టి, నిదానంగా, పెళ్లికి పోతున్నట్టు, మాచర్ల ఎక్స్‌ప్రెస్ మమ్మల్ని దాటిపోయింది.

షెడ్డు దగ్గర దిగీ దిగగానే బాలకోటయ్య అరిచాడు. ముల్లు నూరు మీదుంటే బస్సు ఎట్టా దాటుద్ది, నన్ను మోసం చేశావా అన్నాడు. తాత అతనికంటే పెద్దగా అరిచాడు.

"నూరులో పోయే కారుని దాటాడా? అంటే వాడు నూటఇరవైలో తోల్తన్నాడా? బస్సు నిండా జనాన్ని పెట్టుకుని? పద, వాడి సంగతి చూద్దాం."

బాలకోటయ్య రెక్క పట్టుకుని బస్టాండుకి లాక్కుపోయాడు. వెనకాల నేను పరిగెత్తాను. బస్సు డ్రైవరు జ్ఞానయ్య బడ్డీకొట్టు దగ్గర టీ ఊదుకుంటున్నాడు. చీమని తొక్కినా క్షమాపణ చెప్పుకునే మనిషి. తాత పోయిపోయి అతని మీద పడ్డాడు. నూటఇరవైలో తోల్తావా, నీకు పెళ్లాంబిడ్డలు లేరా, ఈ పిల్లోడి కారుని దాటాల్సిన అవసరం ఏమొచ్చిందని దులిపేశాడు.

జ్ఞానయ్య బిత్తరపోయాడు. "నూటఇరవయ్యా? మౌలాలన్నా, నా బండి అరవై దాటితే కిటికీలు ఊడి..."

తాత అతని కాలు తొక్కాడు. నేను చూశాను. బోలెడు బరువున్న కాలు. జ్ఞానయ్య తాత మొహం చూశాడు, బాలకోటయ్యని చూశాడు, తర్వాత గ్లాసు కింద పెట్టాడు.

"తప్పయింది అన్నా. ఇంకెప్పుడూ నూటఇరవైలో తోలను," అన్నాడు.

బాలకోటయ్య ఛాతీ ఉబ్బింది. జాగ్రత్తగా తోలండి, మా నాయన కూడా రోడ్డు మీదే పోయాడని జ్ఞానయ్యకు బుద్ధి కూడా చెప్పాడు. తాత పక్కకి తిరిగి చాలాసేపు గొణుక్కున్నాడు.

సాయంత్రం నాయనమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది. తెల్ల కారు బుస్సుమంటూ మా వీధి ముందునుంచి పోయింది. నాయనమ్మ చేట ఆగిపోయింది.

"అది నా కుక్కరు," అంది.

నేను షెడ్డుకి పరిగెత్తాను. కారు అక్కడే ఆగి, మా తాత చెప్పినట్టు టీ తాగేంతసేపు ఇంజను ఊరికే తిరుగుతోంది. బాలకోటయ్య నిజంగానే టీకి పోయాడు. బానెట్టు ఎత్తి చూశాను. టర్బోనుంచి గాలి పోయే పైపుకి చిన్న రంధ్రం, దాని మీద స్ప్రింగుతో కట్టి మా ఇంటి విజిల్. టర్బో గాలిని నెట్టగానే విజిల్ లేస్తుంది, బలమంతా చప్పుడై బయటికి పోతుంది. మీటరు ఎందుకు విప్పాడో కూడా అప్పుడర్థమైంది. లోపలి స్ప్రింగు సడలిస్తే యాభైకే ముల్లు నూరెక్కుతుంది. నన్ను ఆ కారు ఎందుకు ఎక్కించాడో కూడా అర్థమైంది.

తర్వాత్తర్వాత పోలేరమ్మ మా నాయనమ్మకు కొత్త కుక్కరు తెచ్చిచ్చింది. ఎందుకమ్మా అంటే, ఊరికేలే వదినా అంది. ఆమెకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. తాత మాత్రం ఆ కుక్కరుని కూడా తిట్టాడు. బాలకోటయ్య గురజాల పిల్లనే చేసుకున్నాడు, ఆ కారు ఎప్పుడో అమ్మేశాడు. నూటపదిలో పోతూ జానెడు దూరంలో ఆపిన కథ ఇప్పటికీ పిల్లలకు చెబుతాడు.

ఇదంతా రాసి మొన్న తాతకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని మొత్తం విన్నాడు. నువ్వు చానా మంచోడివని కూడా రాస్తున్నా తాతా అన్నాను. కళ్లు తెరిచాడు.

"అది కొట్టెయ్యవే. ఇంక ఏ ఎదవైనా నా మాట వింటాడా?"