నా వంతు చప్పుడు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గొంతులో ఇరుక్కుని ఉంది. మింగుడుపడదు, బయటికీ రాదు. దాంతోనే పెళ్లి చేసుకున్నాను. దాంతోనే కొట్టు పెట్టాను. రోజూ పొద్దున్నే షట్టరు ఎత్తి, గల్లాపెట్టె ముందు అగరొత్తి వెలిగించేటప్పుడు కూడా అది అక్కడే ఉంటుంది. నా భార్యకి చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీకే ఎందుకంటే, మీరు నన్ను ఎరగరు, రేపు నా కొట్టుకి వచ్చి మొహం చూడరు. చూశారా, నోరు విప్పీ విప్పకముందే నాకేది సులువో చూసుకుంటున్నాను. నా బుద్ధి ఎటు తిప్పినా అక్కడికే వచ్చి ఆగుతుంది.

కంచరపాలెంలో రైలు గేటు దగ్గర మా నాన్నకి కిరాణా కొట్టు ఉండేది. అక్షరాల కంటే ముందు నాకు బేరం వచ్చింది. బళ్లో పెన్సిలు ముక్క ఇచ్చి సగం జామకాయ తెచ్చుకునేవాణ్ణి, ఆ సగం జామకాయ ఇంకొకడికిచ్చి లెక్కలు చేయించుకునేవాణ్ణి. మా నాన్న పైకి తిట్టి, లోపల మురిసిపోయేవాడు. ఆయన కొట్టులో ఒక పద్ధతి ఉండేది. సరుకులో లోపం ఉంటే మనంతట మనం చెప్పక్కర్లేదు. కందిపప్పు కాస్త పుచ్చిందా, మంచిది పైన పోసి ఊరుకోవచ్చు. కాని కొనేవాడు నోరు తెరిచి "పుచ్చుందా?" అని అడిగితే మాత్రం ఉందనే చెప్పాలి. వ్యాపారానికీ మోసానికీ మధ్య ఆయన గీసుకున్న గీత అదొక్కటే. ఇంత సన్నటి గీతా అని మీరు నవ్వుకోవచ్చు. పాలిటెక్నిక్‌లో చేరాక నేనూ నవ్వాను. ఆ గీతని కూడా నేను దాటేస్తానని అప్పటికి తెలియదు.

అవి ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న రోజులు. ఊళ్లో ప్రతి తండ్రికీ కొడుకు చేత స్పానరు పట్టించాలని ఉండేది. మా డిప్లొమాలో ఒక ఏడాది మొత్తం పరిశ్రమలో పని చేసి రావాలి. నన్నూ, మా క్లాసు నూకరాజునీ మల్కాపురం వైపు, ఓడలు వచ్చే పోర్టు కాలవ ఒడ్డున ఉన్న రిపేరు యార్డుకి పంపారు. నూకరాజు అన్నది అతని అసలు పేరు కాదు. యార్డు పేరు చెప్పను. అది ఇప్పుడు లేదు.

నూకరాజుది సముద్రపు ఒడ్డున జాలరి పల్లె. వాళ్ల నాన్న తెప్ప మీద వేటకెళ్లేవాడు. తెడ్డు నీళ్లలోకి దించి, పిడి చెవికి ఆనించుకుని, చేపల గుంపు ఎటువైపు ఉందో వినేవాడట. కొడుక్కీ నేర్పాడు. యార్డులో చేరిన మొదటి వారమే నూకరాజు జెట్టీ చివర కూర్చుని, ఓ పొడుగాటి కర్ర కాలవలో ముంచి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుని, "లాంచీ వత్తంది రా. పెద్దది కాదు" అన్నాడు. నేను చూశాను. నీళ్లు తప్ప ఏమీ లేవు. కాసేపటికి మలుపు దగ్గర లాంచీ ముక్కు కనబడింది. అప్పటికప్పుడే నా బుర్ర ఈ విద్య మీద ఎవరితో పందెం కాయవచ్చా అని ఆలోచించింది. అతని బుర్రలో అలాంటివేవీ లేవు. అతనికి ఉన్నది ఒకటే కోరిక: పెద్ద ఓడ ఎక్కాలి. ఇంజను గదిలో పని చెయ్యాలి. తెప్ప మీద కాకుండా సముద్రం దాటాలి.

యార్డులో మా ఇద్దరికీ రెండు చోట్లు. ఒకటి టూల్ రూము. ఫ్యాను కింద పనిముట్లు ఇవ్వడం, పుచ్చుకోవడం, అరిగినవి సాన పట్టడం. రెండోది ఓడ అడుగు. ఓడ అడుగున రెండు ఇనుప పలకల మధ్య మనిషి వంగి పాకేంత ఇరుకు గదులుంటాయి. వాటిలోకి దిగి, గాలితో నడిచే సుత్తులతో తుప్పు కొట్టాలి. ఇనుప పెట్టెలో కూర్చుని ఆ పెట్టెనే బాదడం అన్నమాట. సగం ఏడాది ఒకరు, సగం ఏడాది ఒకరు. చీటీలు వేస్తే మొదటి సగం ఓడ అడుగు నూకరాజుకి వచ్చింది. తర్వాతది నా వంతు.

ఆ పని సంగతి నాకు ముందే తెలుసు. ఎలా తెలుసంటే, మా కొట్టుకి సన్యాసి అని ఓ ముసలాయన వచ్చేవాడు. వయసంతా ఓడల్లో తుప్పు కొట్టినవాడు. ఆయనతో మాట్లాడాలంటే వీధంతా వినబడేలా అరవాలి. చిన్నప్పుడు నేను గొంతు పెగల్చకుండా పెదాలు మాత్రం ఆడించి ఆయన్ని ఏడిపించేవాణ్ణి. ఆయన పాపం నవ్వేవాడు. నేను యార్డులో చేరుతున్నానని తెలిసి ఆ మనిషి పనిగట్టుకుని కొట్టుకొచ్చి చెప్పాడు: మొదట చెవుల్లో గింగురుమంటుంది. అప్పుడు ఆపేస్తే తగ్గుతుంది, ఆపినవాళ్లకి తగ్గింది కూడా. ఆపకుండా దిగుతూ పోతే పోయిన వినికిడి ఇక తిరిగిరాదు. అందుకని నీ వంతు వచ్చినప్పుడు దూది కుక్కుకో, తొందరగా బయటపడు, అన్నాడు.

నూకరాజు వంతు సగమయ్యేసరికే అతని గొంతు పెద్దదైంది. క్యాంటీన్‌లో పక్కనే కూర్చుని అరిచేవాడు. "చెవుల్లో కీచురాళ్లు కాపురం పెట్టినాయి రా" అని జోకులేసేవాడు. ఆ జోకుకి నేనూ నవ్వాను. మా వంతులు మారే రోజు దగ్గరపడే కొద్దీ నాకు అన్నం సయించలేదు. అప్పుడు ఎవడైనా ఏం చేస్తాడు? మేస్త్రీ దగ్గరికెళ్లి దూది అడుగుతాడు, లేదా కాలేజీలో మొర పెట్టుకుంటాడు. నేను బేరం పెట్టాను.

గేటు బయట టీ బడ్డీ దగ్గర. పొద్దున్న పూట. నా కొత్త సైకిలు పక్కనే స్టాండు వేసి ఉంది. నూకరాజు తన పల్లె నుంచి అంత దూరం బస్సులో వేలాడుతూ వచ్చేవాడు. ఆ సైకిలు వంక అతను ఎలా చూస్తాడో నేను రోజూ గమనిస్తూనే ఉన్నాను.

"ఏట్రా బావా, సోమవారం నుంచి నాను సల్లగా ఫేను కింద కూకుంటాను. నువ్వు దిగాల గోతిలోకి" అన్నాడు.

"ఒక మాట సెప్తాను, ఇంటావేటి?"

"బేరమేనా?"

"నీకు పనికొచ్చే మాట."

"అయితే బేరమే. సెప్పు."

"నువ్వు ఓడెక్కాలనుకుంటన్నావు. స్పానర్లు తుడిసీవోడికి ఓడలోళ్లు ఉజ్జోగం ఇత్తారేటి? ఏడాదంతా ఓడ కడుపులో పని సేసినాడని సర్టిఫికెట్టు మీద రాయించుకో. నా వంతు కూడా నువ్వే సేసీ. ఇద్దరం ఒప్పుకుంటే మేస్త్రీ కాదనడు. నా సైకిలు నువ్వు ఉంచుకో."

"కొత్తదే?"

"కొత్తదే. పంపుతో సహా."

"పంపు కూడానా! ఓర్నాయనో, మీ నాన్న నిన్ను ఇంట్లోంచి తగిలేత్తాడు రా."

బేరం కుదిరింది. మేస్త్రీ తల కూడా ఎత్తలేదు, "మీరూ మీరూ సూసుకోండి" అన్నాడు. అంతే జరిగింది. నేను లోపం చెప్పలేదు, నిజమే. కాని అతను అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. మా నాన్న పద్ధతి ప్రకారం ఇది వ్యాపారమే గాని మోసం కాదు. ఎన్నో ఏళ్లు నేను దీన్ని ఇలాగే చెప్పుకున్నాను. అద్దం ముందు గెడ్డం గీసుకుంటూ, రైల్లో కిటికీ పక్కన కూర్చుని, ఇలాగే.

ఇప్పుడు మీకు కూడా ఇలాగే చెప్పేసి దాటిపోదామనుకున్నాను. మీరు నమ్మేవారే.

అతను అడిగాడు.

సైకిలు సీటు మీద చెయ్యేసి, ఒక్క నిమిషం నవ్వు ఆపి, నా మొహంలోకి చూసి అడిగాడు. "ఆగు. నువ్వు ఊరికే ఇచ్చీ మనిషివి కాదు. ఆ సప్పుడుతో సెవులకేటైనా అవుతాదేటి? నీకు తెలుసుంటే సెప్పు బావా."

"ఏటీ అవదు" అన్నాను. "నాలుగు రోజులు గింగురుమంటాది, పోతాది. నాకు ఆ తుప్పు ధూళి పడదు, దగ్గొత్తాది. అదే సంగతి."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. దగ్గు ఎక్కడి నుంచి పట్టుకొచ్చానో నాకే తెలియదు. కొంచెం దగ్గి చూపించాను కూడా. అతను సైకిలు బెల్లు ఒకసారి టింగుమనిపించి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, "బాగానే ఇనబడతంది లే" అని నవ్వాడు. ఎక్కి యార్డు గేటులోకి వెళ్లిపోయాడు. మా ఇంట్లో సైకిలు పోర్టు గేటు దగ్గర ఎవరో ఎత్తుకుపోయారని చెప్పాను. ఒక అబద్ధం వెనకే ఇంకోటి. అవి ఎప్పుడూ ఒంటరిగా రావు.

టూల్ రూములో ఫ్యాను కింద కూర్చుంటే ఓడ లోపలి నుంచి ఆ చప్పుడు సన్నగా వినబడేది. అంత దూరం నుంచి వింటే అదొక గడియారంలా ఉండేది. నా వంతు చప్పుడు అది. ఎన్నిసార్లు లేచి వెళ్లి "ఇక చాల్లే, నా చోటుకి నేనొస్తాను" అందామనుకున్నానో. అనుకోవడానికేం, బాగానే అనుకున్నాను. లేవలేదు. ఒకసారి మాత్రం ఇంటి నుంచి దూది తెచ్చిచ్చాను. అది దయ అనుకున్నాను. దయో, రసీదో ఇప్పుడు చెప్పలేను. గాలి ఆడని చోట చెమటకి దూది తడిసి జారిపోతుందని అతను దాంతో సైకిలు చెయిను తుడుచుకున్నాడు.

ఏడాది చివర్లో ఓ సాయంత్రం జెట్టీ మీద కూర్చున్నాం. అతను మళ్లీ ఆ కర్ర కాలవలో ముంచి చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. కొస మార్చాడు. రెండో చెవికి పెట్టుకున్నాడు. ఈలోగా మా ఎదురుగానే ఓ లాంచీ పోయింది. కళ్లు తెరిచి దాన్ని చూసి, తెల్లబోయి, కాసేపటికి నవ్వాడు. "ఈ కాలవ నీరు సచ్చిపోనాది రా బావా. ఏటీ ఇనబడతలేదు."

"అవున్రా, ఓడల నూనె ఎక్కువైపోనాది" అన్నాను.

అది కూడా నేనే అన్నాను.

తర్వాతిది మీరు ఊహించగలరు. సర్టిఫికెట్టు మీద ఏడాదంతా ఓడ పనే అని రాసిచ్చారు. దాన్ని చూసి ఓ ఓడల కంపెనీ వాళ్లు అతన్ని పిలిచారు కూడా. అంతవరకూ నేను చెప్పింది నిజమే అయింది. వైద్య పరీక్షలో డాక్టరు వెనక నుంచుని మెల్లగా అంకెలు పలికితే, నూకరాజు ఆయన ఇంకా మొదలుపెట్టలేదనుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాడట. ఆ సంగతి అతనే నాకు చెప్పాడు, పెద్ద గొంతుతో, నవ్వుతూ. నేను ఏం చేశానో తెలుసా? ఆ డాక్టర్ని తిట్టాను. బాగా తిట్టాను.

అతను ఫిషింగ్ హార్బరులో మర బోటు ఇంజను చూసే పనిలో చేరాడు. ఆ రొదకి మిగతావాళ్లు విసుక్కుంటారు. అతనికి బాధ లేదు. నేను ఫ్యాక్టరీ గడప తొక్కనే లేదు. డిప్లొమా గోడకి తగిలించి హార్డ్‌వేరు కొట్టు పెట్టుకున్నాను. కొట్టులో నాకు అన్నం పెట్టేది ఏమిటో చెప్పనా? నా చెవులు. మొగుడూ పెళ్లాం రంగుడబ్బాల దగ్గర నుంచుని, ఇంతకి ఇస్తే తీసుకుందాం అని గుసగుసలాడుకుంటారు. నేను చీటీ రాస్తున్నట్టు తల వంచుకుని వింటాను. సరిగ్గా ఆ ధరకే దిగుతాను. వాళ్లు గెలిచామనుకుని వెళ్తారు. ఏళ్లు గడిచినా గుసగుస ఒక్కటి కూడా నన్ను దాటిపోలేదు. విన్న ప్రతిసారీ, ఇవి నావేనా అనిపిస్తుంది. సైకిలిచ్చి కొనుక్కున్నవి కదా.

ఒప్పుకుందామని ప్రయత్నించకపోలేదు. కొన్నేళ్ల తర్వాత ఓ ఆదివారం హార్బరుకి వెళ్లాను. "ఇదుగో, నాకు కొత్త సైకిలిచ్చిన బావ" అని పెళ్లానికి చూపించాడు. ఆవిడ చేపలు పొట్లం కట్టి చేతిలో పెట్టింది. బోటులో అతని పక్కన కూర్చున్నాను. ఇంజను నడుస్తోంది. అతను దాని వైపే చూస్తున్నాడు. అప్పుడు చెప్పాను. మొత్తం చెప్పాను. సన్యాసి సంగతి, లేని దగ్గు సంగతి, అన్నీ. ఎంత గొంతుతో చెప్పానంటే, డాక్టరు అంకెలు పలికినంత గొంతుతో. నా పెదాలు కనబడకుండా మొహం కూడా పక్కకి తిప్పుకున్నాను. అతను నా వైపు తిరిగి, ఏదో అంటున్నానని పోల్చుకుని, "అవును బావా, అవును" అని తలూపాడు.

ఆ తలూపుని ఇంటికి తెచ్చుకుని, క్షమాపణ దొరికిందని చెప్పుకుంటూ కొన్నాళ్లు నిద్రపోయాను. ఒప్పుకోవడంలో కూడా నేను తూకం తగ్గించాను.

నూకరాజు వినలేకపోయినా చదవగలడు. ఇది ఎప్పుడైనా అతని చేతిలో పడుతుందా? పడితే పోల్చుకుంటాడు. పోల్చుకుంటే ఏం చేస్తాడో తెలియదు. నా కొట్టుకొచ్చి కొడతాడో, నవ్వుతాడో, ఆ పాత సైకిలు తెచ్చి గుమ్మంలో పడేస్తాడో. ఏం చేసినా అది అతని ఇష్టం, దాన్ని బేరమాడే హక్కు నాకు లేదు. ఈ కాగితం మీద మాత్రం నేను గొంతు తగ్గించలేదు, మొహం తిప్పుకోలేదు. గొంతులో ఇరుక్కున్నది ఇంతే, బయటికి తీస్తే చాలా చిన్న మాట.

నువ్వు అడిగావు బావా. నాకు తెలుసు. తెలిసే, ఏమీ అవదన్నాను.