పెదనాన్న చెప్పిన శాతం

మా పెదనాన్న ముప్పై ఏళ్లు మద్యం ఫ్యాక్టరీ పరీక్ష గదిలో పనిచేశాడు. తను మాత్రం చుక్క నోట పెట్టి ఎరుగడు. పొడవాటి గాజు పాత్రలో సరుకు పోసి, కొలత గొట్టాన్ని అందులో తేలనిచ్చి, గీత కంటికి సమానంగా వచ్చేదాకా మోకాళ్లు వంచి నిలబడేవాడు. ఆల్కహాలు అర శాతం తేడా వచ్చినా తొట్టె మొత్తం వెనక్కి పంపించేవాడు, యజమాని బావమరిది వచ్చి బతిమాలినా సరే. ఇంట్లో పాలగ్లాసు ముందు కూడా అలాగే వంగుతాడని పెద్దమ్మ ఎగతాళి చేసేది. మాకు ఆయన మాటే వేదం. అదే మా కొంప ముంచింది.

నాన్న బస్సు డ్రైవరు. డ్యూటీ దిగాక రోజూ నాలుగు పెగ్గుల విస్కీ పడాల్సిందే. కాలేయం పాడవుతోంది, తాగుడు మానకపోతే రెండేళ్లు కూడా కష్టమేనని డాక్టరు చెప్పాడు. నాన్న తిన్నగా అన్న దగ్గరికి వెళ్లాడు.

"అన్నయ్యా, బీరులో ఎంతుంటుంది?"

"అయిదు శాతం. వైనులో పన్నెండు. నువ్వు తాగే విస్కీలో నలభై మూడు."

"అయితే బీరు ఏం చెయ్యదన్నమాట!"

పెదనాన్న నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మర్నాటి నుంచి పెద్ద బీరు సీసాలు, రోజుకి నాలుగు. "పోన్లే, మందు మానేశారు" అని అమ్మ కూడా సంబరపడింది. పెనం మీంచి పొయ్యిలో పడ్డామని మాకేం తెలుసు? ఏడాదిన్నర తిరక్కుండానే నాన్న పోయాడు.

నెల తర్వాత పెదనాన్నకి టీ ఇస్తూ అమ్మ అడిగింది. "అయిదు శాతమే కదా బావగారూ, మరి మనిషెలా పోయాడు?"

ఆయన పెన్సిలు తీసి పేపరు అంచున గుణించాడు. సీసాకి ఎంత, నాలుగు సీసాలకి ఎంత అని. ఫ్యాక్టరీలో ఆయనకి ఆ గుణకారంతో ఎప్పుడూ పని పడలేదు. అక్కడ గొట్టం మీద గీత చూస్తే సరిపోయేది. లెక్క తేలాక తలెత్తాడు.

"అయిదు పెగ్గుల విస్కీతో సమానం. ముందుకంటే ఒకటి ఎక్కువే తాగాడు."

పెన్సిలు పక్కన పెట్టాడు. "వాడు శాతం అడిగాడు, చెప్పాను. ఎన్ని సీసాలు తాగుతాడో నాకు చెప్పలేదమ్మా."

"చెప్పడం ఎందుకు బావగారూ? రోజూ మీ పక్కన కూర్చునే కదా తాగింది!"