డైనమో మీద గోళ్ళరంగు

మొన్న పొద్దున తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది. "అక్కా, నాయన పోయినాడు. నిద్రలోనే."

"ఎవరు నువ్వు? ఏ నాయన?" అని గద్దించాను.

వడమాలపేట కారు మేస్త్రి కొడుకట. ఫోను పెట్టేసి, నా దగ్గరున్న మేస్త్రి నంబరుకు చేశాను. అదే గొంతు పలికింది. అప్పుడు గానీ నమ్మలేదు. ఆ మనిషి చావు కబురును కూడా అనుమానించకుండా వినలేకపోయాను.

మా పరిచయమే అనుమానంతో మొదలైంది. తిరుపతిలో మా ఇంట్లో మా నాయన నడిపిన పాతకాలపు కారు ఉంది. ఆయన పోయాక దానికి కొత్తగా రంగు వేయించి నడపసాగాను. నెల తిరక్కుండానే బ్యాటరీ చచ్చిపోయింది. కొత్తది వేస్తే అదీ నిలవలేదు. బ్యాటరీకి కరెంటు అందడం లేదని చెప్పే డాష్‌బోర్డులోని ఎర్ర దీపం ఆరేది కాదు, ఇంజను వేగం పెంచితే ఇంకా ఎర్రబడేది. పక్కింటాయన ఈ మేస్త్రి పేరు చెప్పి, వెంటనే ఇంకో మాట కూడా అన్నాడు. "కనిపెట్టుకోనుండు. అసలు సామాను ఊడబెరికి నకిలీది బిగించేస్తారు."

అందుకే మేస్త్రి పనిచేస్తున్నంతసేపూ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. ఆయనా దేన్నీ నమ్మే రకం కాదు. కొత్త బ్యాటరీని నమ్మలేదు. బెల్టు బిగువుగానే ఉందని నేనంటే, బొటనవేలితో నొక్కి చూశాడు. ప్రతి తీగకూ మీటరు పెట్టాడు. "అడగాలమ్మా. అడక్కుండా దేనిమీదా నేరం మోపకూడదు" అనేవాడు. జేబులోంచి వేయించిన చెనిక్కాయలు తీసి నములుతూ ఇంజనుకు చెవి ఒగ్గేవాడు.

ఇంజనుతో పాటు తిరిగి బ్యాటరీని నింపేది డైనమో. దాన్ని విప్పి శుభ్రం చేయాలి, ఇంటికి తీసుకుపోతానన్నాడు. సరేనన్నాను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే దాని అడుగున గోళ్ళరంగుతో చుక్క పెట్టాను.

రెండు రోజులకు తెచ్చాడు. తళతళలాడుతోంది. తిప్పి చూశాను. చుక్క లేదు.

"ఇది మా నాయన డైనమో కాదు. అసలుది యాడ అమ్ముకున్నావు?" అని అరిచాను. పక్కింటివాళ్ళూ, వీధిలో పూలమ్మే ఆమే అందరూ విన్నారు.

ఆయన ముఖం వాడిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు. "గోళ్ళరంగే కదమ్మా? తిన్నరుతో తుడిస్తే పోయింది. సూసినాను. ఎందుకు పెట్టినావో కూడా తెలిసింది. దీనిమీద నంబరు ఉండాది. మీ నాయన యాడన్నా రాసుకోనుంటే తెచ్చి సూడు."

నాయన రిపేర్లు రాసుకున్న పుస్తకం తెచ్చాను. నంబరు అంకె పొల్లుపోకుండా సరిపోయింది. అయినా, అదే నంబరును నకిలీదాని మీద కొట్టించాడేమోనన్న పురుగు తొలుస్తూనే ఉంది.

ఇంకొకరైతే పనిముట్లు సర్దుకుని పోయేవారు. ఆయన డైనమో బిగించి, దానికి వచ్చే రెండు తీగలూ ఊడదీసి, మీటరు తగిలించాడు. "ఇట్రా. నువ్వే సూడు." ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగానే ముల్లు పైకి లేచింది.

"ఇది కరెంటు ఇస్తానే ఉండాది. మధ్యలో ఎవురో ఆపతా ఉండారు."

ఇంజను వెనక రేకుకు బిగించిన చిన్న పెట్టె ఉంటుంది, కరెంటును అదుపు చేసి బ్యాటరీకి పంపేది. దాన్ని విప్పాడు. దాని వెనకంతా నేను వేయించిన కొత్త రంగు మెరుస్తోంది. "ఈడ కూడా పూసేసినారు. రంగు అడ్డమొచ్చి పెట్టె రేకుకు తగల్లేదు. ఇంక ఎర్తు యాడనుంచి వస్తాది?" గరుకు కాగితంతో ఇనుము కనిపించేదాకా గీకి, మళ్ళీ బిగించాడు. ఎర్ర దీపం ఆరిపోయింది.

ఆ తరువాత ఆయన ఎన్నోసార్లు వచ్చాడు. కారు ఆయనకు వదిలేసి నేను వంటింట్లోకి పోయేదాన్ని. నాకు చేతనైన క్షమాపణ అంతే. మీలో ఎవరికైనా నోరు జారిన రోజు ఒకటి ఉంటే, అది ఎంత తక్కువో తెలుస్తుంది.

నోటితో చెప్పాలని ఒక్కసారి ప్రయత్నించాను. దీపం ఆరిన మరునాడు, "ఒక దినానికే నమ్మేదానికి లేదు" అంటూ తీగలు తగిలించిన మీటరు ఒళ్ళో పెట్టుకుని, పట్టపగలు నా పక్కన కూర్చుని చంద్రగిరి వైపు నడిపించాడు. డైనమో మీద బరువు పడాలని హెడ్‌లైట్లు వేయించాడు.

"మేస్త్రీ, నిన్న నేను అన్న మాట..."

"ముల్లును సూడమ్మా."

ఎదురొచ్చే బండ్లవాళ్ళు లైట్లు వెలుగుతున్నాయని వేళ్ళు ముడిచి విప్పుతూ సైగ చేస్తున్నారు. ఆయన తల ఎత్తకుండానే ఒక్కొక్కరికీ చెయ్యి ఊపాడు. చూపు మాత్రం ఆ ముల్లు మీదే. ఎండలో రెండు దీపాలు వెలిగించుకుని కోట దాకా అలాగే పోయాం.