మామ్మ తర్వాత తాత

కాలు బెణికి మా ఆవిడ గుమ్మం దాటలేని రోజుల్లో, మధ్యాహ్నం క్యారేజీలు పంచే పని నా మీద పడింది. బర్మాలో మేముండే సంచౌంగ్ పేట‌లో మా ఇంట్లోనే వండి, చుట్టుపక్కల వీధుల్లో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకి ఆమె భోజనం అందిస్తుంది. వంట కూర్చుని చేయగలదు, నడవలేదు. నేను ఇంటి నుంచి యాప్‌లు రాసే ఉద్యోగంలో ఉన్నాను. కాబట్టి నేను మొదట చేసిన పని క్యారేజీ ఎత్తడం కాదు, దానికో యాప్ రాయడం.

ఇళ్లని ఒక వరుసలో దాచుకోవాలి. అందుకు రెండు దారులున్నాయి. ప్రతి ఇంటికీ ఒక నంబరు ఇవ్వొచ్చు. లేదా నంబర్లేమీ లేకుండా, ఒక్కో ఇంటి దగ్గర ‘దీని తర్వాత ఫలానా ఇల్లు’ అని మాత్రం రాసుకోవచ్చు. రెండో పద్ధతిలో ఏ ఇల్లు ఎక్కడుందో తెలియాలంటే మొదటి ఇంటి నుంచి ఒక్కొక్కటే దాటుకుంటూ పోవాలి. నాకంత ఓపిక లేదు. నంబర్లయితే మ్యాప్‌ని అడిగి దగ్గర దారి ప్రకారం మార్చేసుకోవచ్చు. కరెంటు ఉన్న కాసేపట్లోనే ఆ పని ముగించి, గర్వంగా ఫోన్ తీసుకెళ్లి ఆమెకి చూపించాను.

ఉల్లిపాయలు తరుగుతూ ఒకసారి చూసింది. “కోకో, ముందు మామ్మ. మామ్మ తరవాత తాత. అలగే ఎల్లాలి.”

కోకో అంటే బర్మా మాటలో అన్న. ఇక్కడ భార్యలు భర్తల్ని అలాగే పిలుస్తారు. మా తాతముత్తాతలు విశాఖ నుంచి ఓడెక్కి వచ్చారు. మా వాళ్లు ఈ పిలుపు విని ఇప్పటికీ నవ్వుతారు.

“తాత ఇల్లు పక్క వీధే కదా. మార్కెట్ అవతలున్న మామ్మ దగ్గరికి ముందు పోవడమెందుకు?”

“ఎందుకంటే...” అంటుండగా కుక్కర్ కూత వేసింది. కూత అయ్యాక ఆమె చెప్పిందేమో తెలియదు. నేను అప్పటికే మెట్లు దిగుతున్నాను.

నా వరుసలో తాత ముందు, మామ్మ తర్వాత. మామ్మది మూడో అంతస్తు. మోకాళ్ల మూలాన కిందికి దిగి చాలా కాలమైంది. ఈ ఊళ్లో చాలా ఇళ్లకి ఉన్నట్టే ఆమె బాల్కనీ నుంచి వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది. దాని కింది కొసన క్లిప్పు, పై కొసన గంట. తాడు లాగితే గంట మోగుతుంది. క్యారేజీ తగిలిస్తే ఆమె పైకి చేదుకుంటుంది. ముందు రోజు ఖాళీ క్యారేజీ కిందికొస్తుంది. దానితో పాటు, చిన్న ప్లాస్టిక్ కవరులో గుప్పెడు కరివేపాకు. బాల్కనీ కుండీలో పెంచిన చెట్టుది. మా మీద ఎంత అభిమానమో అనుకుని రోజూ ఇంటికి తెచ్చి, మా రాత్రి వంట చూసే అమ్మకి ఇచ్చాను. అమ్మ పోపులో వేసింది. నేను లొట్టలు వేసుకుంటూ తిన్నాను.

కొన్నాళ్లకి మామ్మ పంపే కవరు ఆగిపోయింది. ఆ తర్వాత, పైకి వెళ్లిన క్యారేజీ మర్నాడు నిండుగా తిరిగొచ్చింది. ఆ మర్నాడు కూడా అంతే. మెతుకు ముట్టుకోలేదు.

“మామ్మా, ఒంట్లో బాగాలేదా?” అని కింద నుంచి అరిచాను.

బాల్కనీ కమ్మీల మీదుగా తెల్లటి తల కనిపించింది. “నిజం సెప్పు బాబూ. ఆ ముసలోడు పోనాడా?”

“ఎవరు మామ్మా?”

“ఎవరేటి! నా కరేపాకు తినీవోడు. నా కవరు ఎనక్కి రానేదు. మీరందరూ దాసేస్తన్నారు. నాకు తెలుస్తాదిలే. పో, నాకు కూడొద్దు.”

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ నుదురు కొట్టుకుంది. “అది మనకి కాదు కోకో! తాతకి.”

“చెప్పలేదేం మరి?”

“సెప్పేను. నువ్వు లేవు, కుక్కరొక్కటే ఇంది.”

తాత ఇన్సేన్‌లో రైలు వర్క్‌షాపులో పనిచేసి రిటైరైన మనిషి. తండ్రి బర్మా ఆయన, తల్లి మన మనిషి. తెలుగు అర్థమవుతుంది, జవాబు బర్మాలో చెబుతాడు. కరివేపాకు లేని పప్పుచారు ఆయనకి చారే కాదు. మామ్మ ఆకు పంపేది. మా ఆవిడ అక్కడి నుంచి నేరుగా తాత దగ్గరికి తీసుకెళ్లేది. ఆయన కవరు కడిగి, ఆరబెట్టి, నాలుగు మడతలు పెట్టి ఖాళీ క్యారేజీ మీద ఉంచేవాడు. అది మర్నాడు మామ్మకి చేరేది. ఆవిడ దిగలేదు, ఆయన ఎక్కలేడు. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూడలేదు. మొదటి రోజు తాత క్యారేజీ మీద ఉన్న ఆ మడతని చెత్త అనుకుని పారేసింది నేనే.

నా వరుసలో ఇళ్లన్నీ ఉన్నాయి. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేది మాత్రం లేదు. మా ఆవిడకది తెలుసు, చెప్పబోయింది. నేను వినలేదు.

తాత దగ్గరికి పరుగెత్తాను. సంగతి చెప్పాను. “ఆవిడకి నా మీద కోపం వచ్చిందనుకున్నాను” అన్నాడాయన, బర్మాలో, నేల చూస్తూ. లోపలికెళ్లి ఒక కవరు తెచ్చి, గోటితో ఒత్తుతూ నాలుగు మడతలు పెట్టి నా చేతిలో ఉంచాడు.

మామ్మ తాడుకి దాన్ని మాత్రమే తగిలించి గంట లాగాను. బరువేమీ లేని క్లిప్పు గాలికి అటూ ఇటూ ఊగుతూ పైకి పోయింది. కాసేపటికి గొంతు వినిపించింది.

“మడత ఆడిదే.”

తర్వాత కొమ్మలు తుంచుతున్న చప్పుడు. అదే కవరు ఉబ్బి కిందికి దిగింది. నేను క్యారేజీ తగిలించబోతే గదమాయించింది. “ముందు అది ఇచ్చి రా. మళ్లీ మీ ఇంటికి అట్టుకుపోతావేటి? నువ్వొచ్చినాక తింతాన్లే.”

నేను వెళ్లి ఇచ్చి వచ్చాను. ఆవిడ తిన్నది.

ఆ సాయంత్రం ఫోన్‌లో నంబర్లన్నీ తీసేశాను. ఒక్కో ఇంటి దగ్గర, తర్వాత ఎవరు, అక్కడికి ఏం పట్టుకెళ్లాలి, అని మాత్రం రాసుకోవడానికి చోటు పెట్టాను. మొదటి ఇంటి నుంచి అన్నీ దాటుకుంటూ చెప్పమని మా ఆవిడని అడిగాను.

“శానా ఉంది కోకో,” అంది పొయ్యి వైపు చూస్తూ. “పప్పు పెట్టేను.”

నేను లేచి వెళ్లి పొయ్యి ఆపి, పీట వాల్చుకుని ఆమె ఎదురుగా కూర్చున్నాను.